రిసీవర్ చేతిలో ఉన్నంతసేపు

తొమ్మిదిన్నరకు మొదలుకావాల్సిన బిల్లింగ్ క్లాసు ఆ రోజు కూడా పది దాటాక మొదలైంది. కారణం శృతి. వాళ్ల పిన్ని కుక్కపిల్లను తెచ్చుకుంది. అది ఎక్కడ పడుకుంటుంది, ఏం తింటుంది, పిన్ని అత్తగారు దాన్ని చూసి ఏమంది, ఇవన్నీ శృతి మిగతా పదకొండు మంది అమ్మాయిలకు పద్నాలుగు నిమిషాలు చెప్పింది. శేషారత్నం వాచీ చూసుకుంటూ కూర్చుంది కాబట్టి లెక్కలో పొరపాటు లేదు.

శేషారత్నం మలక్‌పేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి రిసెప్షన్‌లో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైంది. సొంతూరు రేపల్లె, ఉండేది ఎల్బీనగర్. రిటైరైన ఆర్నెల్లకే ఇంట్లో తోచక, దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద బ్యాగుల షాపు పక్క మెట్లెక్కితే వచ్చే శిక్షణ కేంద్రంలో టీచరుగా చేరింది. ఇంటర్ పాసైన ఆడపిల్లలకు అక్కడ మూడు నెలలు ఫ్రంట్ ఆఫీసు పని నేర్పుతారు. ఫోన్ ఎత్తడం, పేరు రాసుకోవడం, బిల్లు వేయడం, కోపంగా వచ్చిన మనిషిని కూర్చోబెట్టడం. బిల్డింగు రామచంద్రానిది. కర్మన్‌ఘాట్‌లో తాతల పొలం ప్లాట్లయ్యాక కట్టాడు. కేంద్రాన్ని తల్లి పేరు మీద నడుపుతాడు.

రోజూ పొద్దున ఈ గుండ్రంగా కూర్చునే కార్యక్రమం పెట్టించింది తన్మయి. ఆ అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు. ఏదో సంస్థ తరఫున ఈ బ్యాచ్‌కు కోఆర్డినేటరుగా వచ్చింది. మొదటిరోజే కొన్ని నియమాలు చెప్పింది. కుర్చీలు గుండ్రంగా వేసుకోవాలి. ఒక వస్తువు చేతులు మారుతూ తిరుగుతుంది, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. మిగతావాళ్లు సలహా ఇవ్వకూడదు, సరిదిద్దకూడదు, నవ్వకూడదు, భేష్ అని కూడా అనకూడదు. చెప్పడం అయ్యాక అందరూ కలిసి ఒకే మాట అనాలి: విన్నాం.

"దీనివల్ల ఏమొస్తుందమ్మా?" అని శేషారత్నం అడిగింది.

"కాన్ఫిడెన్స్ మేడం. ఇది వాళ్లకి సేఫ్ స్పేస్."

"స్పేసెక్కడుందమ్మా? పన్నెండు కుర్చీలు వేస్తే తలుపు తెరుచుకోవట్లేదు."

తన్మయి నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు శేషారత్నానికి నచ్చలేదు.

చేతులు మారడానికి తన్మయి ఒక శంఖం తెచ్చింది. మూడో రోజు రామచంద్రం వచ్చి చూశాడు. "గిదేంది? శంఖం పూజల ఉండాలె గానీ గిట్ల చేతులు మారుతదా? మా అమ్మ చూస్తే నన్ను ఇంట్లకు రానియ్యదు" అని తువ్వాల్లో చుట్టుకుని పట్టుకుపోయాడు. అప్పుడు శేషారత్నం ప్రాక్టీసు కోసం పెట్టిన పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లోంచి రిసీవర్ ఊడదీసి ఇచ్చింది, ఏదో ఒకటి కానివ్వండి అని. అమ్మాయిలు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని హలో అనుకుంటూ వారం రోజులు నవ్వుకున్నారు.

ఇంకో రోజు రామచంద్రం తనూ కూర్చుంటానన్నాడు. రిసీవర్ చేతికి రాగానే ఈ బిల్డింగుకు పునాది తవ్వినప్పుడు ఎంత పెద్ద బండ తగిలిందో చెప్పడం మొదలుపెట్టాడు. బండ పగిలేసరికి పదీ ఇరవై అయింది. మధ్యలో ఆపకూడదని నియమం. బిల్లింగ్ క్లాసు ఆ రోజు జరగనే లేదు.

బాటసింగారం నుంచి వచ్చే సంతోషి మాత్రం రోజూ ఒక్క వాక్యం చెప్పేది. "ఇయ్యాల బస్సు జల్ది దొరికింది." "మా మార్కెట్‌కు నాగ్‌పూర్ సంత్రలు ఒచ్చినయి." అంతే. రిసీవర్ పక్క అమ్మాయికి ఇచ్చేసేది. పన్నెండు మందిలో శేషారత్నానికి చికాకు తెప్పించనిది ఆ పిల్ల ఒక్కతే.

మూడో వారంలో ఒక రోజు తన్మయి రాలేదు. ఎవరో చెప్పడం ముగించారు, అందరూ అనాల్సిన మాట అన్నారు. సగం మంది "విన్నాం" అన్నారు, సగం మంది "ఇన్నం" అన్నారు. శేషారత్నం చెవికి అది గుచ్చుకుంది. రేపు ఆసుపత్రి కౌంటరులో కూర్చుని ఇలాగే మాట్లాడితే ఎవరికి చెడ్డపేరు?

"ఎవరమ్మా ఇన్నం అన్నది?"

అందరూ సంతోషి వైపు చూశారు. అన్నవాళ్లు అయిదారుగురున్నారు. సంతోషి గొంతు పైకి వినబడింది, అంతే తేడా.

"లే. వి అను. వి. విన్నాం."

"ఇన్నాం."

"వి."

పదిసార్లు అనిపించింది. ఏడోసారికి సుష్మిత కిసుక్కుమంది, ఆమెను చూసి అందరూ నవ్వారు. పదోసారి సంతోషి సరిగ్గా అంది. "చూశావా, వచ్చింది" అని శేషారత్నం కుర్చీలు సర్దమంది. క్లాసు ఆ రోజు టైముకు మొదలైంది.

మర్నాడు తన్మయికి ఎవరో చెప్పారు. ఆమె శేషారత్నాన్ని మెట్ల దగ్గర ఆపింది. "మేడం, సర్కిల్‌లో సరిదిద్దకూడదు కదా."

"సరిదిద్దకపోతే నేనెందుకమ్మా ఇక్కడ? గోడకు కుర్చీ ఆనించి కూర్చోడానికా?"

ఆ రోజు నుంచి సంతోషి రిసీవర్ వస్తే ఒళ్లో పెట్టుకుని, ఒక ఊపిరి తీసుకుని, పక్కకు ఇచ్చేసేది. మాట్లాడటం ఇష్టం లేకపోతే అలా చేయొచ్చని కూడా నియమం ఉంది. శేషారత్నం దాన్ని మిగిలిన టైము కింద జమ వేసుకుంది.

మార్చి మొదటివారంలో సంతోషి తల్లి కృష్ణమ్మ మెట్లెక్కి వచ్చింది. బాటసింగారం పండ్ల మార్కెట్‌లో కాయలు సైజువారీగా ఏరే పని ఆమెది. కొంగుతో ముఖం తుడుచుకుని నిలబడే మాట్లాడింది.

"మేడం, పోయిన నెల గా రక్తపరీక్షల సెంటర్ల అడిగితే నోరు తెరవలేదంట గదా మా పిల్ల?"

"అవునమ్మా. ఇంటర్వ్యూలో అయిదు ప్రశ్నలు అడిగారు. ఒక్కదానికీ జవాబు లేదు."

"ఇంట్ల దీని నోరు మూయించలేక సస్తున్న. ఈడ ఏమైతదో నాకు సమజయితలేదు. గీ బ్యాచ్‌ల కొలువు దొరికితే సరే. లేకుంటె నాతోని మార్కెట్‌కు తోల్కపోత. మామిడి ఒస్తున్నది, చేతులు కావాలె. ఇంక చదువుడు, నేర్సుడు అన్నవి ఉండయి."

సంతోషి తల్లి వెనక నిలబడి కింద టైల్స్ చూస్తోంది.

ఆ నెల పదిహేనో తేదీ శనివారం ఎల్బీనగర్‌లో ఒక ఆసుపత్రివాళ్లు ఓపీ కౌంటరుకు అమ్మాయిలను తీసుకుంటున్నారు. నలుగురి పేర్లు గురువారంలోగా పంపమన్నారు. మంగళవారం శేషారత్నం అందరికీ ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెట్టింది. తను టేబులు వెనక, పిల్లలు ఒక్కొక్కరే ముందు.

సంతోషి వచ్చి కూర్చుంది.

"మీ గురించి చెప్పండి."

సంతోషి నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచి "నా పేరు" అంది. అక్కడ ఆగింది. గోడ మీద గడియారంలో సెకండ్ల ముల్లు ఒక చుట్టు తిరిగింది.

"ఏంటమ్మా, నోట్లో ఏమైనా పెట్టుకున్నావా?"

"లేదు మేడం."

"ఇప్పుడు మాట్లాడావుగా? ఆ నోటితోనే చెప్పు. ఏ ఊరు, ఏం చదివావు, ఈ పని ఎందుకు కావాలి. బ్రహ్మవిద్యేం కాదు కదా."

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ మాట రాలేదు. శేషారత్నానికి ఒళ్లు మండిపోయింది. రాత పరీక్షల్లో ఈ పిల్ల ముందుంటుంది. బిల్లింగ్‌లో ఒక్క తప్పు చేయదు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో నోరున్న మొద్దులను చూసింది, నోరు లేని చురుకైనవాళ్లనూ చూసింది. కౌంటరులో నిలిచింది మొదటివాళ్లే. కాగితం మీద నాలుగు పేర్లు రాసింది: సుష్మిత, శృతి, తేజస్విని, ఇంకో అమ్మాయి.

సాయంత్రం తన్మయి ఆ కాగితం చూసింది. "సంతోషి పేరు లేదేంటి మేడం?"

"ఏం మాట్లాడుతుందని పంపను? మీ సర్కిల్ ఆరు వారాలు చేశారు. దానికి కాన్ఫిడెన్స్ ఎక్కడిదాకా వచ్చిందో మీరే చెప్పండి."

తన్మయి ఈసారి నవ్వలేదు. శేషారత్నానికి అదీ నచ్చలేదు.

బుధవారం తన్మయి సంస్థ మీటింగుకు వెళ్లింది. సర్కిల్ ఎత్తేద్దామని శేషారత్నం అనుకునేలోపు రామచంద్రం మెట్లెక్కి వచ్చాడు.

"కుర్చీలు ఇంక ఎయ్యలేదేంది మేడం?"

"మూడు రోజుల్లో ఇంటర్వ్యూ ఉంది రామచంద్రం గారూ. బిల్లింగ్ ఇంకా రెండు పాఠాలు మిగిలాయి."

"జర ఓపిక పట్టుండ్రి. గా సంస్థోళ్లకు ఫొటో పంపాలె. మీరు గూడ కూసోండ్రి, నిలవడితే ఫొటోల మంచిగుండదు."

ఫొటో తీసి ఆయన దిగిపోయాడు. శేషారత్నం కుర్చీలో మిగిలిపోయింది. ఈ ఆరు వారాల్లో ఆమె గుండ్రంలో కూర్చోవడం అదే మొదటిసారి. ఇంతవరకూ కుర్చీ గోడవార వేసుకునేది.

రిసీవర్ తిరిగింది. తేజస్విని మెట్రోలో చెప్పు తెగిన సంగతి చెప్పింది. శృతి కుక్కపిల్ల ఇంకొంచెం పెరిగింది. తర్వాత సంతోషి వంతు. రిసీవర్ ఒళ్లో పెట్టుకుంది. ఊపిరి తీసుకుంది. పక్కనున్న సుష్మిత అందుకోవడానికి చెయ్యి చాపింది. సంతోషి ఇవ్వలేదు.

"నా పేరు లిస్టుల లేదని తెల్సింది" అంది. "మేడందేం తప్పు లేదు. నేను మాట్లాడలేదు, మేడం రాయలేదు. గానీ ఎందుకు మాట్లాడలేదో చెప్త. గా దినం మేడం నన్ను నిలవెట్టి పదిసార్లు అనిపిచ్చిండ్రు. అందరు నవ్విండ్రు. ఇంటికి పోయినంక అమ్మ మాట్లాడుతుంటె, ఏ మాట తప్పు, ఏ మాట ఒప్పు అని చూస్కుంట కూసున్న. అన్నీ తప్పులే ఉన్నయి. మా అమ్మ మాట్లాడేటివన్నీ తప్పులేనా అనిపిచ్చింది. అప్పటిసంది ఎవరేం అడిగినా ముందుగాల మంచి మాట కోసం దేవులాడుకుంటున్న. అది దొరికేసరికి అడిగినోళ్లు ఇంకోటి అడుగుతరు. మార్కెట్ల లారీ డ్రైవర్లతోని లొల్లి వెట్టుకుంట నేను. ఈడ మెట్లెక్కంగనే నోరు వడిపోతది. గంతే."

శేషారత్నం నాలుక చివర నాలుగు జవాబులున్నాయి. నీ మంచికే చెప్పానన్నది ఒకటి. ఆసుపత్రిలో ఎలా మాట్లాడాలో ముప్ఫై ఏళ్లు చేసినదాన్ని నాకు తెలియదా అన్నది ఇంకొకటి. పదిసార్లు కాదు, తొమ్మిదిసార్లేనేమో అన్నది మూడోది. నాలుగోది ఏమిటో ఆమెకే తేలలేదు. రిసీవర్ తన చేతిలో లేదు. పన్నెండు మందీ తనవైపే చూస్తున్నారు, మేడం నియమం తప్పుతుందా లేదా అని.

"విన్నాం" అంది అందరితోపాటు. పళ్ల మధ్య నుంచి వచ్చింది.

రిసీవర్ సుష్మిత చేతికి వెళ్లింది. సుష్మిత దాని తీగ ఊడిన చోట గోరుతో గీకింది. "మాది గూడ ఈ దిక్కే, సరూర్‌నగర్" అంది. "ఇంట్ల నేను గూడ గట్లనే మాట్లాడ్త. ఈడ ఎవరికీ తెల్వకూడదని మేడం లెక్క మాట్లాడుతున్న. అందుకే గా రోజు ముందుగాల నేనే నవ్విన." పక్కకు ఇచ్చేసింది.

ఆ తర్వాత రిసీవర్ శేషారత్నం దగ్గరికి వచ్చింది. ఒళ్లో పెట్టుకుంది. ఏం చెప్పాలి? ఒక ఊపిరి తీసుకుని పక్కకు ఇచ్చింది.

మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పింది. ఆ పిల్ల అన్నదాంట్లో ఒక మాట చెవిలో పడి కదలడం లేదు. దేవులాడుకుంటున్న. వెతుక్కుంటున్నానని.

మలక్‌పేట ఆసుపత్రిలో చేరిన మొదటి నెల. రేపల్లె నుంచి అప్పుడే వచ్చింది. ఒక ముసలాయన కౌంటరు దగ్గరికొచ్చి "మా ముసల్దాన్ని దేవులాడుతున్న బిడ్డా" అన్నాడు. ఆమెకు దెబ్బలాడుతున్నానని వినబడింది. "ఇక్కడ దెబ్బలాటలేంటండీ, బయటికెళ్లి ఆడుకోండి" అంది. ఆయన బయటికెళ్లాడు. భార్య రెండో అంతస్తులో ఆపరేషనై పడుకుని ఉంది. ఆయన సాయంత్రం దాకా గేటు దగ్గర నిలబడ్డాడు. ఆ రాత్రి షిఫ్టు నర్సు కనుక్కుని పైకి తీసుకెళ్లింది. సూపర్‌వైజరు మర్నాడు పిలిచి అడిగితే, ఆయనకు తెలుగు సరిగ్గా రాదని చెప్పింది శేషారత్నం. ఎవరికి రాదో ఆ తర్వాత ఏడాదికి గానీ తెలియలేదు.

ఇప్పుడు ఇది గుర్తురావడమేంటి? కూర్చుని మనసులో మాటలు చెప్పుకోమనే ఆ తన్మయి పద్ధతే ఇలాంటిది, అంటురోగంలాగా. డబ్బా మూసేసి ఆసుపత్రి హెచ్ఆర్ మేనేజరు ప్రసన్నకుమార్‌కు ఫోన్ చేసింది.

"అయిదుగురిని పంపుతున్నానండీ."

"నలుగురే అన్నాం కదండీ మేడం గారూ. శనివారం నాకు టైముండదు."

"అయిదో అమ్మాయిది పావుగంట. మీకు టీ తాగే టైము."

"నేను టీ తాగనండీ."

"మరీ మంచిది. ఆ టైము మిగులుతుందిగా."

గురు, శుక్రవారాలు సంతోషిని రోజూ గంటసేపు కూర్చోబెట్టి ప్రశ్నలడిగింది. నోరు జారకుండా బుగ్గన లవంగం పెట్టుకుంది. సంతోషి ఒస్తది అంది, పోతది అంది, గట్లనే అంది. లవంగం నమిలి నమిలి శేషారత్నానికి చిగుళ్లు మండాయి. మొదటి రోజు పిల్ల ప్రతి మాటకూ ఆగి ఆమె ముఖంలోకి చూసింది. రెండో రోజుకు చూడటం మానేసింది. నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పింది. అయిదోదానికి తడబడి ఆగిపోయింది. అక్కడితో శుక్రవారం అయిపోయింది.

"రేపు ఆగిపోతే ఎట్ల మేడం?"

"ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టు. ఇంకేం చేస్తాం?"

చెప్పాక ఈ జవాబు తనకే దండగనిపించింది. అంతకంటే మంచిది తోచలేదు.

శనివారం పదకొండింటికి ఎల్బీనగర్ ఆసుపత్రిలో, మూడో అంతస్తు గదిలో ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. శేషారత్నాన్ని వెనక కుర్చీలో కూర్చోనిచ్చారు, మాట్లాడకూడదన్న షరతు మీద. ఈమధ్య ఆమెకు అందరూ ఇదే షరతు పెడుతున్నారు.

సుష్మిత బాగా చెప్పింది. తేజస్విని ఫర్వాలేదు. నాలుగో అమ్మాయి జీతం గురించి మొదటే అడిగింది. శృతిని పని ఒత్తిడి గురించి అడిగితే పిన్ని ఇంటి దాకా వెళ్లింది. ప్రసన్నకుమార్ పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాడు.

సంతోషి వచ్చింది. పేరు, ఊరు, చదువు చెప్పింది. గొంతు సన్నగా వచ్చింది గానీ వచ్చింది.

"సరే. పన్నెండింటికి ఒక పెద్దాయన వచ్చాడు. ఓపీ పదకొండున్నరకే అయిపోయింది. ఆయన కోపంగా ఉన్నాడు. ఏం చేస్తారు?"

"ముందుగాల కూసోమంట సార్. ఏ ఊరి నుంచి ఒచ్చిండో అడుగుత. దూరంకెల్లి దవాఖానకు ఒచ్చేటోళ్లు..."

"దవాఖాన అనకూడదమ్మా. ఇది కార్పొరేట్ సెటప్. హాస్పిటల్ అనాలి."

సంతోషి నోరు మూసుకుంది. ఆ మూసుకోవడం శేషారత్నానికి తెలుసు. మంగళవారం తన టేబులు ముందు చూసిందే. లేచి ఆ ప్రసన్నకుమార్ చేతిలో పెన్ను లాక్కుని కిటికీలోంచి పారేయాలనిపించింది. అతను అన్నది అచ్చం తను ఆరు వారాలుగా అన్నదే. ఆ సంగతి ఇంకా చిరాకు పుట్టించింది. బ్యాగు పట్టీ గట్టిగా పట్టుకుంది.

"పోనీలెండి, ఇంకోటి అడుగుతాను. కంప్యూటర్‌లో..."

"సార్."

ప్రసన్నకుమార్ తలెత్తాడు.

"జర ఆగుండ్రి సార్. ముందు అడిగింది ఇంక అయిపోలేదు."

అతను పెన్ను కాగితం మీద పెట్టాడు.

"ఓపీ అయిపోయిందని నిలవెట్టి చెప్ప సార్. నిలవెట్టి చెప్తే లొల్లి అయితది. కూసోవెట్టి చెప్త. పొద్దుగాల నుంచి ఏమన్న తిన్నడా అడుగుత. రక్తపరీక్ష ఉంటదని చానామంది తినకుంట ఒస్తరు. షుగరు మనిషైతే ఆడనే పడిపోతడు. ఆయన చీటీ చూసి, గా డాక్టరు మళ్ల ఎప్పుడు ఒస్తడో రాసిస్త. నొప్పి ఎక్కువుంటే ఎమర్జెన్సీకి నేనే తోల్కపోత. గప్పుడు ఆయనకు కోపం ఉంటె ఉండనియ్యుండ్రి, నాకేం కాదు. ఇగ మీరు కంప్యూటర్‌ది అడుగుండ్రి సార్."

అతను కంప్యూటర్‌ది అడిగాడు. అది ఆమెకు కొట్టినపిండి.

ఒంటిగంటకు ప్రసన్నకుమార్ శేషారత్నాన్ని లోపలికి పిలిచాడు. ముందు మూడు పేర్లున్న కాగితం ఉంది. సుష్మిత, తేజస్విని, సంతోషి.

"ఆ మూడో అమ్మాయి నన్ను ఆగమందండీ" అన్నాడు. "పదకొండేళ్లలో నన్ను క్యాండిడేట్ ఎవరూ ఆగమనలేదు."

"మరి ఆగారా?"

"ఆగాను." కాగితం మీద సంతకం పెట్టాడు. "మూడు నెలలు ట్రయల్ మీద తీసుకుంటాం. సోమవారం నుంచి పొద్దున ఏడింటి షిఫ్టు. కానీ మేడం గారూ, భాష మీద మీరు కొంచెం..."

"ఏడింటికి రావాలంటే బాటసింగారంలో ఎన్నింటికి బస్సెక్కాలో మీకు తెలుసాండీ?"

"తెలియదండీ."

"నాకూ తెలియదు. ముందు అది కనుక్కోనివ్వండి. భాష సంగతి తర్వాత చూద్దాం."

కింద లాబీలో శృతి ఏడుస్తోంది. తేజస్విని ఆమె వీపు నిమురుతోంది. శేషారత్నం శృతి దగ్గరికి వెళ్లి నిలబడింది. వచ్చే శనివారం ఇంకోచోట ఉంది, అప్పటికి జవాబు రెండు నిమిషాల్లో ముగించడం నేర్పాలి. ఎలా నేర్పాలో దేవుడికే తెలియాలి.

సంతోషి కాస్త అవతల తల్లికి ఫోన్ చేస్తోంది. మార్కెట్‌లో వేలం నడుస్తున్నట్టుంది.

"అమ్మా! ఒచ్చిందే! కొలువు! ... కొలువే! ... మామిడి కాదే, కొలువు!"

బిల్లుల వరసలో నిలబడ్డవాళ్లందరూ తిరిగి చూశారు. కౌంటరులో అమ్మాయి నోటి మీద వేలు పెట్టి చూపించింది.

"సంతోషీ, మెల్లగా అమ్మా. ఆసుపత్రి ఇది" అంది శేషారత్నం.

సంతోషి ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టింది. "మెల్లగ చెప్తే ఆమెకు సమజ్ కాదు మేడం. ఆడ లారీలున్నయి. జర ఆగుండ్రి."

శేషారత్నం బ్యాగు భుజాన సర్దుకుని ఆగింది.